మామిడి షెడ్డులో మా పాఠకులు

నా ఉద్యోగంలో చివరి వేసవి, రసాలు కోతకొచ్చిన రోజుల్లో, చాట్రాయి దగ్గర ఒక శాఖా గ్రంథాలయానికి నన్ను మూడో గ్రేడు గ్రంథపాలకుడిగా వేశారు. పాఠకులు లేకపోతే శాఖను ఎత్తేసి పుస్తకాలను నూజివీడు పంపేస్తామని ముందే చెప్పారు. నేను బీరువాలు సర్దించి, చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయించి, తలుపుకెదురుగా ‘నిశ్శబ్దం’ బోర్డు వేలాడదీయించాను.

ఆ బోర్డు ఇద్దరి కోసం. సువార్త గారు రిటైరైన టీచరు, రామ్మోహనరావు గారు మామిడి రైతు. సాయంత్రమయ్యేసరికి ఒక పాత జమీందారీ నవల చేతిలో పట్టుకుని, అందులోని మనుషులతో పోలుస్తూ రాత్రి చూసిన టీవీ కామెడీ మీద వాదించుకునేవారు. చుట్టూ జనం చేరేవారు. “సీరియళ్ల గొడవ బయట పెట్టుకోండి” అన్నాను. వెళ్లిపోయారు. వాళ్లతోపాటే జనమూ వెళ్లిపోయారు. ఇంటి దగ్గర ఆ కామెడీని నేనూ వదలకుండా చూసేవాణ్ణి. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తనిఖీకి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారు వచ్చారు. పుస్తకాల లెక్క సరిపోయింది. “పాఠకులేరండీ?” అన్నారావిడ. నేను పాఠకుల సంతకాల పుస్తకం తిరగేస్తుంటే పక్కనున్న మామిడి షెడ్డులోంచి పెద్దగా నవ్వులు వినిపించాయి. ఆవిడ లేచి అటు నడిచారు.

నా పాఠకులంతా అక్కడే ఉన్నారు. ట్రేలలో గడ్డి పరుస్తూ, కాయలు పేరుస్తూ మాట్లాడుకుంటున్నారు.

“నవల్లో దివానూ, సీరియల్లో మావగారూ ఒకటేనండీ. ఇద్దరికీ నోరే కానీ చెవుల్లేవు” అంటున్నారు సువార్త గారు.

“ఊరుకోండి టీచర్ గారూ! మావగారికి భార్యంటే హడల్. నిన్న ఆవిడ దగ్గితేనే మంచం కింద దూరాడు.”

“సీరియల్ మావగారేనా, మీ మావగారా?”

రామ్మోహనరావు గారు చేతిలో కాయ వదిలేసి మరీ నవ్వారు.

“దివానుకన్నా మావగారే నయమండీ” అన్నారు కార్యదర్శి గారు, ఒక ట్రే బోర్లించి కూర్చుంటూ.

నాకిక నోరాగలేదు. “కాదు మేడమ్!” అంటూ అందుకున్నాను. దివాను నడక నడిచి చూపించాను, మావగారిలా దగ్గాను, ఎవరు అడ్డొచ్చినా వినలేదు. చివరికి ఆవిడే చెయ్యెత్తి, “లైబ్రేరియన్ గారూ, నిశ్శబ్దం! మమ్మల్నీ కాస్త మాట్లాడనివ్వండి” అన్నారు. షెడ్డంతా గొల్లుమంది.

శాఖ నిలిచింది. సాయంత్రాలు పాఠకులను లోపలే మాట్లాడుకోనివ్వాలని ఆవిడ తనిఖీ నోట్‌లో రాశారు. బోర్డు తీసేయలేదు. పొద్దున చదువుకునేవాళ్ల కోసం ఉంచి, సాయంత్రం గోడవైపు తిప్పేవాణ్ణి. గ్రంథాలయానికి ఆ రెండూ కావాలి. నేను మాత్రం అన్నేళ్లూ ఒకదాన్నే కాపలా కాశాను.