భీమశంకరరావు పంట్లాలు

అనకాపల్లి దర్జీ నాగూర్ మీరాకు వదులు బట్ట కనబడితే ఒళ్లు మండేది. యుద్ధం రోజుల్లో దగ్గరి విమానాల క్యాంపు వాళ్లకు బట్టలు కుట్టింది మీరాయే. వాళ్లందరిలోకీ భారీ మనిషి భీమశంకరరావు. అతని నడుము కొలవాలంటే మీరా టేపు పట్టుకుని చుట్టూ ప్రదక్షిణం చేయాల్సి వచ్చేది.

ఒకనాడు భీమశంకరరావు విమానం సముద్రంలో కూలిపోయింది. పోయినవాడి బట్టలు స్నేహితులు పంచుకుని తొడుక్కోవాలి, ఏడవకూడదు. అదీ ఆ క్యాంపు ఆచారం. ఆ వారమే నలుగురు బక్కవాళ్లు అతని పంట్లాలు తొడుక్కుని, జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని, బెల్లం బజారు మీదుగా మీరా కొట్టుకు వచ్చారు. బజారంతా విరగబడి నవ్వింది.

మీరా మండిపడి కత్తెర తీశాడు. వాళ్లలో సబ్బవరం కుర్రాడు అప్పలనరసింహం వెనక్కి గెంతాడు.

"కత్తెర ఎయ్యకు మామా! జారకుండా నాడా కుట్టు, సాలు."

"నీలాంటోళ్లు ఇద్దరు పడతారిందులో! నా కొట్టు పరువేటవ్వాల?"

"ఇందులో ఇద్దరవే ఉన్నాం మామా," అన్నాడు అప్పలనరసింహం, పంట్లాం పైకి లాక్కుంటూ.

మీరా జన్మలో వంకర కుట్లు పడ్డవి ఆ నాలుగు పంట్లాలకే.