ధైర్యానికి ఐదు నిమిషాలు

నా బి.ఇడి. పరీక్ష చూడటానికి వచ్చిన పరీక్షాధికారిని స్కూలు గేటు దగ్గరే నిలబెట్టి, తిట్టాల్సినవన్నీ తిట్టి, పాఠం చూడనివ్వకుండా మా ఇంటికి తరిమేసిన ఘనత నాది. ముందే చెప్పేస్తున్నాను. అసలు సంగతి దాచిపెట్టి పాఠకులను ఊరించే వాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అయినా ఇది సగమే. మిగతా సగం ఇంతకంటే ఘోరం.

ఇప్పుడు నన్ను చూసి, "ఈవిడ నోటికి భయమా!" అంటారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇంట్లో మా అవ్వ కూడా నాతో వాదనకు దిగేముందు ఒక చెంబుడు నీళ్ళు తాగి దిగేది. గడప దాటితే మాత్రం నేను మూత బిగుసుకుపోయిన ఊరగాయ జాడీని. మొదటిసారి తరగతిలో నిలబడ్డప్పుడు నలభై మంది పిల్లలు నన్ను చూశారు. నేను చేతిలోని సుద్దముక్కను చూశాను. ఐదు నిమిషాలకు సుద్దముక్క పిండైపోయింది గానీ నా నోరు తెరుచుకోలేదు. చివరి పరీక్షలోనూ ఇలాగే నిలబడితే ఇంకో ఏడాది పోవడం ఖాయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది, ఎవరికీ చెప్పలేదు: నేను జన్మలో నలుగురి ముందు మాట్లాడలేనేమో అని.

మా బి.ఇడి. కాలేజీ మేడమ్ జాలిపడి, "రోజును కాగితం మీద రాసుకో సుగుణా. ఏ పని ఎప్పుడో తెలిస్తే సగం భయం పోతుంది" అంది. బంగారంలాంటి సలహా. ఆవిడ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. సలహా చిక్కిన మనిషిదే తప్పంతా.

పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి, ఎర్రసిరాతో గీతలు గీసి, గోడకు తగిలించాను. ఐదూ ఐదుకు లేవడం. ఐదూ పది నుంచి ఐదూ పదిహేను వరకు ధైర్యం. అంటే అద్దం ముందు నిలబడి "నేను భయపడను" అని పదిసార్లు అనుకోవడం. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? నాయన స్నానం తొమ్మిది నిమిషాలు. అవ్వ ఫిర్యాదులు పదిహేను నిమిషాలు. ఇంటికొచ్చే చుట్టాలు ఎనిమిది నిమిషాలు.

నాయన తిరుమల కొండబస్సులో కండక్టరు. ఆ కాగితాన్ని అటునుంచి ఇటు చదివి నవ్వినాడు.

"పాపా, ఇరవై ఏండ్లుగా చూస్తా ఉండా. బోర్డు మీద రాసిన టైముకి నా బస్సు ఒక్కనాడన్నా కదల్లేదు."

"మరి బోర్డెందుకు నాయనా, పీకెయ్యమనండి!"

ఆయన తువ్వాలు తీసుకొని స్నానానికి పోయినాడు. పదకొండు నిమిషాలు చేశాడు. రాసి పెట్టుకున్నాను.

అవ్వ ఊరుకుంటుందా? "ఏమే, నా బాధలు పదిహేను నిమిషాల్లో అయిపోతాయా? నా మోకాలికే అరగంట కావల్ల!"

"మోకాలు సోమవారం, నడుము మంగళవారం. పంచుకో అవ్వా."

వెక్కిరించుకుంటున్నాను గానీ ఆ కాగితం పనిచేసింది సుమా. మూడో వారానికి తరగతిలో నా గొంతు మూడో బెంచీ దాకా వినబడింది. తప్పల్లా చుట్టాల గడిలో ఉంది. తిరుపతిలో పుట్టి పెరిగిన ఏ మనిషీ చుట్టాలకు టైము కేటాయించకూడదు. మిగతా ఊళ్ళలో చుట్టాలు ఉత్తరం రాసి వస్తారు. మా ఊళ్ళో గుండు చేయించుకొని నేరుగా వస్తారు.

పరీక్ష రోజు పొద్దున ఆరున్నరకు ఐరాల నుంచి మునిరత్నం మామ కుటుంబం దిగింది. అన్నీ గంధం పూసిన గుండ్లే, మా వసారా గుమ్మడికాయల బండిలా మెరిసిపోయింది. ఎనిమిది నిమిషాలు పలకరించి లేచాను.

మామ వదల్లేదు. "ఒక్క మాట పాపా. మా చెంగల్రాయప్ప కొండ మీద తప్పిపోయినాడు. ఆయనకు మీ ఇల్లు తెల్దు. 'స్కూలు కాడ బి.ఇడి. సుగుణ అని అడుగు, ఇంటికి దోవ చూపిస్తాది' అని ముందే చెప్పి పెట్టినా."

"ఈ పొద్దు నాకు పరీక్ష మామా! ఆయన ఎట్లుంటాడో కూడా తెల్దు."

"ఎట్లుంటాడు? గుండుతో ఉంటాడు."

నా పట్టికలో చెంగల్రాయప్పకు చోటు లేదు. ఎర్రసిరాతో ఇరికించాను: తొమ్మిదీ నలభై నుంచి నలభైమూడు వరకు, గుండును పంపించుట.

తొమ్మిదీ నలభైకి గేటు దగ్గర నిలబడ్డాను. చేతిసంచితో, పంచెకట్టుతో, నున్నటి గుండుతో ఒక పెద్దాయన వచ్చాడు. "అమ్మా, ఇక్కడ బి.ఇడి..." అన్నాడో లేదో నేను అందుకున్నాను.

"ఆ, బి.ఇడి. సుగుణను నేనే. మీకు మూడు నిమిషాలే ఉండేది. ఎడమపక్క మూడో వీధి, నీలం తలుపు. ఐరాల వాళ్ళని చెప్పండి, అమ్మ దోసెలు పోస్తా ఉండాది."

"అది కాదమ్మా, నేను..."

"మాట్లాడొద్దు! ఉత్తరం రాయరు, కబురు పెట్టరు, పరీక్ష రోజే వచ్చి పడతారు. ఇంకాసేపట్లో ఆ పరీక్షాధికారి మహానుభావుడు వస్తాడు. ఎట్లాంటి యముడో ఏమో! ఆయన కంట్లో మీరు పడితే నా మార్కులు పోతాయి. పొండి, పొండి!"

ఆయన నన్ను ఒకసారి కళ్ళద్దాల పైనుంచి చూశాడు, ఇంకోసారి అద్దాల్లోంచి చూశాడు. తర్వాత ఎడమపక్కకు తిరిగి నడిచాడు. టైము చూసుకున్నాను. రెండు నిమిషాల నలభై సెకన్లు. నా బతుకులో అంత ఆత్మవిశ్వాసం అంతకు ముందెన్నడూ కలగలేదు.

పదిన్నరకు తరగతిలోకి వెళ్ళేసరికి వెనకవరసలో హెడ్‌మాస్టరు పక్కన, చేతుల కుర్చీలో, ఇంకో గుండు. పరీక్షాధికారి కొండకు వెళ్ళి తలనీలాలిచ్చి నేరుగా స్కూలుకే వస్తాడని హెడ్‌మాస్టరుకు ముందే తెలుసు. గేటు దగ్గర బంట్రోతు "కొండ మీద నుంచేనా సార్?" అన్నాడట, ఆయన "ఔనప్పా" అన్నాడట. కాఫీ, బిస్కెట్లు అన్నీ అయిపోయాయి.

పాఠం పులికాట్ సరస్సు. కాగితంలో రాసుకున్నట్టే మొదలుపెట్టాను. ఉప్పునీళ్ళు, చేపల పడవలు, చలికాలం వచ్చే పక్షులు. గొంతు ఆఖరి బెంచీ దాకా పోయింది. పిల్లలు చేతులెత్తుతున్నారు. ఉన్నట్టుండి కుర్చీలోని గుండు కూడా చెయ్యెత్తింది.

"తల్లీ, అంత ఉప్పు నీళ్ళు తాగి ఆ కొంగలు ఎట్ల బతుకుతాయి?"

ఈ ప్రశ్న నా కాగితంలో లేదు. సుద్దముక్క చేతిలో పిండి కావడం మొదలైంది. రోజూ ఐదూ పదికి నిలబడే అద్దం గుర్తొచ్చింది. గుక్క తిప్పుకొని అన్నాను, "నాకు తెలియదు సార్. కనుక్కొని చెప్తాను."

పైకప్పు కూలలేదు. పిల్లలు నవ్వలేదు. పైగా నలుగురు లేచి తమకు తోచింది చెప్పారు. నలభై మంది ముందు తెలియదని చెప్పి కూడా మనిషి రెండు కాళ్ళ మీద నిలబడవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

గంట కొట్టారు. నేను వినయంగా దగ్గరికి వెళ్ళి, "ఏమైనా సలహా ఉందా సార్?" అన్నాను.

ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "పాఠం శానా బాగుండాది తల్లీ. ఆకలేస్తా ఉండాది. మీ ఇల్లు యాడ?"

హెడ్‌మాస్టరు ఆయన్ను చూశాడు. నేను హెడ్‌మాస్టరును చూశాను. "మీరు... ఐరాల చెంగల్రాయప్పా?" అన్నాను, గాలి పోయిన సైకిలు ట్యూబులాంటి గొంతుతో.

"ఔను తల్లీ. తిరపతిలో చుట్టాలకు ఇంత మర్యాద చేస్తారని నాకు తెల్దు. బిస్కెట్లు గూడా పెట్టిరి!"

మూడో వీధి దాకా పరుగెత్తాను. వెనక చెంగల్రాయప్ప, ఆయన వెనక హెడ్‌మాస్టరు. ఇంట్లో మూడు గుండ్ల మధ్య నాలుగో గుండు పీట మీద కూర్చొని ఉంది. లేవబోయినప్పుడల్లా అవ్వ అమ్మ చేత ఇంకో దోసె వేయించి తన మోకాలి సంగతి చెబుతోంది. ఆయన గోడ మీది నా క్యాలెండరు చదువుతున్నాడు.

"సార్..." అన్నాను. తర్వాతి మాటకు బదులు కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి.

"యముడు రాకుండా పరీక్ష మొదలెట్టరు కదా అని తీరిగ్గా తింటున్నానమ్మా" అన్నాడాయన. "కొండ మీద నుంచి ఏమీ తినకుండా వచ్చాను. పెట్టే ఇల్లు చూపించారు, కాదంటానా? అది సరే. మీ అవ్వగారి ఫిర్యాదులకు పదిహేను నిమిషాలు, ధైర్యానికి ఐదేనా?"

"ఆ అయిదూ చాలా కష్టంగా ఉంటాయి సార్."

ఆయన నవ్వలేదు. చెయ్యి కడుక్కుని లేచాడు. "పదండి. మధ్యాహ్నం మళ్ళీ చెప్పండి."

పాఠం రాసుకున్న కాగితం కోసం వెతికాను. మామ భార్య అందులో లడ్డూలు పొట్లం కట్టేసింది. ఉత్త చేతులతో వెళ్ళాను. వెనకవరసలో ఈసారి రెండు గుండ్లు. నేను రావద్దని చెప్పినా చెంగల్రాయప్ప వినలేదు. సగం పాఠంలో మళ్ళీ చెయ్యెత్తాడు. "ఆ కొంగల సంగతి తెలిసిందా తల్లీ?"

"ఇంకా లేదు పెద్దాయనా. రెండు గంటలే కదా అయింది!"

తరగతంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. పరీక్షాధికారి తలవంచుకొని ఏదో రాసుకున్నాడు. మంచి మార్కులే వేశాడని తర్వాత తెలిసింది.

సాయంత్రం డ్యూటీకి పోతూ నాయన ఆ క్యాలెండరు ముందు ఆగినాడు. నేను దాన్ని పీకెయ్యబోతున్నాను.

"ఉండనీ పాపా. ఆ పొద్దు అడిగితివే, బోర్డెందుకని? అది బస్సు కోసరం కాదు. ఎదురుచూసేటోళ్ళ ధైర్యం కోసరం."

ఈ పొద్దుకీ రోజూ రాసుకుంటాను. ధైర్యానికి ఐదు నిమిషాలు ఇంకా ఉన్నాయి. ఒక గడి మాత్రం ఖాళీగా వదిలేస్తాను.

ఎందుకంటారా? మరుసటి ఏడాది ఒక పొద్దున నీలం తలుపు ముందు తొమ్మిది కొత్త గుండ్లు. ముందు నిలబడ్డ కళ్ళద్దాలాయన, "ఉత్తరం రాయలేదు, కబురూ పెట్టలేదమ్మా. ఇల్లు మీరే చూపించారు కదా!" అన్నాడు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ ఊళ్ళో ఏ గుండునూ పేరు అడగకుండా తిట్టను. పేరు అడిగిన తర్వాత తిట్టాల్సి వస్తే, దోసె పెట్టాకే తిడతాను.