నాపరాళ్ల సముద్రం

మొన్న ఉదయం దాచేపల్లి నుంచి ఫోనొచ్చింది. మా సైన్సు మేడం ఇక లేరు. నేనిప్పుడు నరసరావుపేటలో సైన్సు టీచర్ని. మొదటి పీరియడ్‌కి లేచినదాన్ని స్టాఫ్‌రూములోనే మళ్లీ కూలబడ్డాను.

ఆమె పాఠం ఏ సబ్జెక్టులో మొదలై ఎక్కడ తేలేదో ఎవరికీ తెలిసేది కాదు. దాచేపల్లిలో మేం చదివిన బడి వరండా అంతా నాపరాళ్లే. సున్నపురాయి పాఠం రోజున పుస్తకాలు మూయించి, మమ్మల్ని ఆ రాళ్ల మీద పడుకోబెట్టారు. "ఒరేయ్, చెవులు ఆనించండి. ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న బురదేరా. ఎన్ని కోట్ల ఏళ్లు పట్టిందో లెక్కల సారునడగండి. ఆ నీళ్లెట్టా ఉండేయో తెలుగు నోట్సులో రాయండి" అన్నారు. చల్లటి రాయి చెంపకు తగులుతుంటే నాకు హోరు వినిపించింది. బయట సిమెంటు లారీలు పోతున్నాయని తెలుసు. అయినా సరే, అది సముద్రమే. నాకు సైన్సంటే ఇష్టం పుట్టింది ఆ రాయి మీదే.

అలాంటి మనిషి మీద చాడీ చెప్పింది కూడా నేనే. పదో తరగతిలో ఫస్టు ర్యాంకు నాది. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడేసరికి భయం పట్టుకుంది. హెడ్మాస్టరు గదికెళ్లి, "మేడం సిలబస్ చెప్పట్లేదు సార్, ఏందో కతలు చెప్తన్నారు" అన్నాను. మర్నాటి నుంచి ఆమె ప్రశ్నలూ జవాబులూ చదివించారు, అంతే. మళ్లీ వరండాలోకి తీసుకెళ్లలేదు. నాకు మంచి మార్కులే వచ్చాయి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చాలా ఏళ్లకు మాచర్ల బస్సులో కలిశారు. కిటికీ పక్కన చోటిచ్చి, "టీచరమ్మవయ్యావంటగా! పిల్లల్ని మాట్లాడనియ్యమ్మా, చానా సంగతులు చెప్తారు" అన్నారు. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. గురజాలలో ఆమె దిగిపోయేదాకా ధైర్యం చాల్లేదు. ఇప్పుడిక అడగడానికి మనిషి లేరు.

ఆ ఫోను వచ్చిన రోజే క్లాసుకెళ్లి, బోర్డు మీద సున్నపురాయి సమీకరణం రాస్తూ, మన బడి వరండా నాపరాళ్లు కూడా సముద్రం అడుగువేనని చెప్పాను. వెనక బెంచీ పిల్ల లేచింది.

"మరి ఆ నీళ్లన్నీ యాడికి పోయినయ్ మేడం?"

సగం పాఠం ఇంకా మిగిలే ఉంది. పరీక్షలు వచ్చే వారమే.

"నాకూ సరిగ్గా తెలీదు. వరండాలోకెళ్లి చూద్దాం పదండి" అన్నాను.

గుమ్మం దగ్గర పిల్లలు ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పారు. పాంట్లు చీలమండల పైకి లాక్కుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఆ పొడి రాళ్ల మీదకి మెల్లగా దిగారు.