పెళ్లి ఆల్బమ్‌లో లేని రంగు

మా పెళ్లి ఆల్బమ్‌లో నా భార్యను తెల్లగా చేయమని స్టూడియో అతనికి చెప్పింది నేనే. "అన్ని ఫోటోల్లోనూ కాస్త రంగు పెంచు, చూసినవాళ్లు ఏమీ అనకూడదు" అన్నాను. ఆల్బమ్ వచ్చాక ఆమె ఒక్కసారి తిరగేసి మూసేసింది. అది మా అమ్మ పని అనుకుంది. నేను కాదనలేదు. ఇరవై మూడేళ్లు కాదనలేదు, అమ్మ పోయాక కూడా.

మా అమ్మాయిని అనుమానించకపోతే ఇప్పటికీ చెప్పి ఉండేవాణ్ని కాదేమో.

పరాయి దేశంలో మేం స్థిరపడిన పాయింట్ కుక్‌లో మా ఇంటి టీవీకి రెండు ప్రొఫైళ్లు. ఒకటి నాదీ నా భార్యదీ, రెండోది యూనిలో, అంటే యూనివర్సిటీలో, చదువుతున్న మా అమ్మాయిది. ఒక శనివారం క్రికెట్ పెట్టబోయి పొరపాటున అమ్మాయి ప్రొఫైల్ తెరిచాను. సగంలో ఆపిన సినిమాలు వరుసగా కనిపించాయి. అన్నీ పాతకాలపు ప్రేమకథలు. అన్నింట్లోనూ నల్లజాతి హీరో హీరోయిన్లే. టోపీలు, పొడవాటి గౌన్లు, గ్రామఫోన్లు.

యూనిలో ఎవడో నల్లజాతి కుర్రాడు ఉన్నాడు, అనుకున్నాను. లేకపోతే ఇన్ని ఎందుకు చూస్తుంది?

ఆ తర్వాత ప్రతిదీ సాక్ష్యమే అయింది. ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్తే అనుమానం. కొత్త జూకాలు పెట్టుకుంటే అనుమానం. ఊరికి అవతలి చివరనున్న క్రెయిగీబర్న్‌లో ఒక మిత్రుడి ఇంటికి బార్బెక్యూ విందుకి వెళ్లి, అతని దగ్గర ఉండబట్టలేక కక్కేశాను. "జాగ్రత్త బ్రో, సినిమాలతోనే మొదలవుద్ది" అని చికెన్ తిప్పుతూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అబ్బాయి తెల్లవాడైతే ఇంత కంగారు పడేవాణ్నా అని అప్పుడు నన్ను నేను అడుక్కోలేదు. పడేవాణ్ని కాదు.

రోజూ ఆఫీసు నుంచి రాగానే ఆ ప్రొఫైల్ తెరిచి చూసేవాణ్ని. సినిమా నిన్న ఆగిన చోటు నుంచి కొంత ముందుకు జరిగి ఉండేది. గురువారాలు అమ్మాయికి క్లాసులు ఉండవు. ఒక గురువారం చెప్పకుండా మధ్యాహ్నమే వచ్చేశాను. గరాజ్ తలుపు చప్పుడవుతుందని కారు వీధిలోనే ఆపాను.

సోఫాలో నా భార్య కూర్చుని ఉంది. పొద్దుటి షిఫ్టు ముగించి వచ్చి, ముసలివాళ్లని చూసుకునే ఏజ్డ్ కేర్ యూనిఫాం కూడా మార్చుకోలేదు. తెర మీద పసుపు గౌను వేసుకున్న ఒకావిడ. నల్లని బుగ్గ మీద దీపం వెలుగు.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?"

"ఈ సినిమాలు చూసేది నువ్వా?"

మెట్ల మీద నుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "ఓ మై గాడ్ నాన్నా, నేననుకున్నారా? సో వాట్ ఇఫ్ ఇట్ వాజ్ మీ?"

చేతిలోని ఆఫీసు బ్యాగ్ కింద పెట్టాను.

"మన దాంట్లో పెడితే మీరు ఏదో ఒకటి అంటారని దానిది వాడుకుంటున్నా" అంది నా భార్య. "కూర్చోండి. ఈవిణ్ని చూడండి, అచ్చం నా రంగు. అతను ఎలా చూస్తున్నాడో చూడండి. 'రంగు తక్కువైనా కళగా ఉంది' అని ఒక్కడూ అనడు."

"పాతకాలంవే ఎందుకు?"

"కొత్తవాటిలో వీళ్లకి తుపాకులూ పోలీసులే కదండీ. వీటిలో తీరిగ్గా ప్రేమించుకుంటారు. మంచి బట్టలు కట్టుకుంటారు. లైటు కూడా మొహం తెల్లబడేలా వేయరు, మెరిసేలా వేస్తారు." తెర వైపే చూస్తూ అంది. "మన ఆల్బమ్‌లో ఉన్నది నేను కాదు. పోనీలెండి, పోయినావిణ్ని ఏమీ అనకూడదు."

అప్పుడు కూడా ఊరుకుని ఉండొచ్చు. నాకు బాగా అలవాటైన పనే. రిమోట్ తీసుకుని సినిమా ఆపాను.

"అమ్మ కాదు. స్టూడియోకి వెళ్లి చెప్పింది నేను. ఫ్రెండ్స్ ఏమంటారోనని. అమ్మకి తెలియనే తెలియదు."

ఆమె చేతిలోని టీ కప్పు కింద పెట్టింది. నన్ను ఎవరో కొత్తవాణ్ని చూసినట్టు చూసింది.

"ఇప్పుడెందుకు చెబుతున్నారు? ఇంకేం దాచారు?"

"ఇంకేం లేదు."

"అత్తయ్యని ఎన్నిసార్లు తిట్టుకున్నానో తెలుసా మీకు?"

"తెలుసు. విని కూడా ఊరుకున్నాను. నీ రంగుకి సిగ్గుపడ్డాను, ఆ నింద అమ్మ మీద పడనిచ్చి బతికాను. తప్పు నాది. నన్ను క్షమించు." మెట్ల మీదున్న అమ్మాయి వైపు తిరిగాను. "నువ్వు కూడా, అమ్మా. నిన్ను అనుమానించాను."