జానెడు ముక్క సాక్ష్యం

జగ్గయ్యపేటలో కిషోర్‌బాబుది ఒకప్పుడు బట్టల కొట్టు. రెడీమేడ్లు వచ్చి గిరాకీ పడిపోయాక, గాజు పోగులతో నేసిన బట్టని పొరలు పొరలుగా పరిచి, జిగురు పట్టించి ఫైబర్ పలకలు చేయడం మొదలుపెట్టాడు. ఇదీ బట్టే కదా, మనకి తెలియనిదా అనుకున్నాడు మహానుభావుడు.

రెడ్డిగూడెంలో ఒక బడి ముందు కాలవ దాటడానికి పిల్లలకి పలక కావాలన్నారు. నమూనాగా చేసిన జానెడు ముక్కని నందిగామ కాలేజీ ల్యాబులో పరీక్షిస్తే భేషుగ్గా ఉందని కాగితం ఇచ్చారు. పలక వేసేశారు. వారం తిరక్కుండా, దానికి జోడుగా చేసిన రెండో పలకని ఇటుకల మీద పెట్టి కిషోర్‌బాబు ఎక్కి నిలబడ్డాడు. అది కిందికి వంగింది. దిగితే లేచింది. మళ్ళీ ఎక్కితే మళ్ళీ వంగింది. అదే పోగు, అదే జిగురు, అదే చెయ్యి. ముక్కకున్న బిగువు పలకలో ఏమైపోయినట్టు? కాగితాన్ని నమ్మాలో తన కాలిని నమ్మాలో తెలియక బుర్ర గిర్రున తిరిగింది.

మర్నాడు ఆ పలకలోంచే ఒక ముక్క కోసి, బస్సెక్కి నందిగామ పోయాడు. ల్యాబు చూసే దీప్తి దాన్ని మిషనుకి బిగించి లాగింది. అంకె సగానికి పడిపోయింది.

"మీ మిషనేమన్నా తేడా చేసిందేమోనమ్మా."

"మిషను బానే ఉందండి. పోగు గట్టిదేనండి. కానీ బట్టలో పోగు ఎటు పోతోంది, పలకలో బట్ట ఎటు పడింది, అవి కూడా చూడాలి కదండీ. ఒకటి తెలిస్తే మిగతావీ తెలిసిపోయినట్టు కాదు."

అర్థమయినట్టే ఉంది, కానట్టే ఉంది. ఆమె ఇచ్చిన భూతద్దంలో చూస్తే పోగులు ఏటవాలుగా పడి ఉన్నాయి. కిషోర్‌బాబు జేబులోంచి చేతిరుమాలు తీసి నిలువునా లాగాడు. కదల్లేదు. ఐమూలగా లాగాడు. సాగింది. పాతికేళ్ళు బట్ట చింపి అమ్మినవాడికి ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా!

మొదట పరీక్షకి పంపిన ముక్క కోసం కొత్త తాను విప్పి, నిలువు చూసి మరీ పరిచాడు. పలకలకి మాత్రం, కట్‌పీసు ఒక్కటి కూడా పారెయ్యకూడదన్న కొట్టు నాటి బుద్ధితో, మిగిలిన ముక్కల్ని ఎటు పడితే అటు పేర్చాడు. మోసం చెయ్యాలనుకోలేదు. చెయ్యాలనుకున్నవాడు మాత్రం ఇంతకంటే ఏం చేస్తాడో అతనికి తోచలేదు.

ఇంటికి పోలేదు. బడి విడిచే వేళకి రెడ్డిగూడెం చేరుకుని, పలకకి అడ్డంగా నిలబడి, "ఇటు కాదమ్మా, చుట్టూ తిరిగి పోండి" అని పిల్లల్ని మళ్ళించాడు. గొడవ విని హెడ్‌మిస్ట్రెస్ కృష్ణప్రియ బయటికి వచ్చింది.

"ఏమైందండీ? విరిగిందా?"

"లేదండి."

"పగులేమన్నా వచ్చిందా?"

"లేదండి."

"బాగుందని ల్యాబు వాళ్ళే కాగితం ఇచ్చారు కదండీ! మరెందుకు ఆపుతున్నారు?"

పోగూ, బట్టా, పలకా అన్నీ కలగాపులగమై, ఏది ముందు చెప్పాలో అతనికి అంతుపట్టలేదు.

"చేసింది నేనండి," అన్నాడు.