ఫైలులో లేని అదిలింపు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మా ఊరి శ్మశానం దగ్గరికి రాగానే అందరూ బండి వేగం పెంచుతారు. నేను అక్కడే ఆపి తీరిగ్గా ఫోన్ మాట్లాడతాను, ఎందుకంటే మా ఊళ్లో సిగ్నల్ సరిగా అందేది ఆ ఒక్క చోటే. నా అంగడి ముందు దిష్టి గుమ్మడికాయ వేలాడుతున్న మాట నిజమే కానీ అది మా ఆవిడ సుశీల పట్టుదల, నాకేం సంబంధం లేదు.

ఆళ్లగడ్డలో నాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. గిన్నెను వేలితో కొట్టి, మోత వినే మందమెంతో చెప్పేస్తాను. చెవి విషయంలో నాకు కాస్త పొగరే. అందుకే ఆ రోజు విన్నది చెవి పొరపాటని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. పైగా విన్నది నేనొక్కణ్ణే కాదు.

మా పల్లె అహోబిలం దారిలో ఉంది. తన పెళ్లికి తానే ఊరూరూ తిరిగి జనాన్ని పిలుచుకునే దేవుడు మా నరసింహస్వామి. పారువేట అంటారు దాన్ని. పల్లకి మా ఊరి అరుగు మీద దిగగానే ఎదురుగా చెక్కభజన ఆడాలి, అది మా దళం పని. చేతుల్లో ఇత్తడి బిళ్లలు కట్టిన కొయ్య చెక్కలు, కాళ్లకు గజ్జెలు, నోట్లో పాట. అందరూ రైతులే, అంగడివాణ్ణి నేనొక్కణ్ణే. దాంతో నా పేరు అందరూ మరిచిపోయి శెట్టి అనే పిలుస్తారు.

మా గురువు ఓబులేసు మామ. నాకు చుట్టం కాదు, ఊరి వరసకు మామ. ఆయన మధ్యలో నిలబడి పాట అందిస్తాడు, మేం చుట్టూ తిరుగుతూ అందుకుంటాం. ఆడేటప్పుడు ఎవరినైనా తిట్టాలంటే ఆయన పాట ఆపడు. ఆ తాళంలోనే, ఆ రాగంలోనే వాడి పేరు కలిపి అదిలిస్తాడు. “ఒరే శెట్టీ, కాళ్లా అవి, కట్టెలా” అని చరణం మధ్యలో వచ్చేస్తుంది. వినేవాళ్లకు అదీ పాటే.

కొత్తగా చేరినవాణ్ణి మాత్రం ఒరే అనడు. ఏడాది నిండేదాకా అప్పా అనే పిలుస్తాడు. ఒరే అన్నాడంటే వాడు దళంలో మనిషి అయిపోయినట్టు. నన్ను మొదటిసారి ఒరే అన్న రోజు ఇంటికెళ్లి పాయసం చేయించుకున్నాను. తిట్టించుకుని వచ్చి పాయసం తాగే మగవాణ్ణి ఎక్కడా చూడలేదంది సుశీల.

అలాంటి మామకు గొంతులో గడ్డ లేచింది. కర్నూలు తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు, గొంతు మాత్రం ఇక రాదన్నారు. మనిషి తిరిగొచ్చాడు, మెడకు తువ్వాలు చుట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు, అంతే. పెదాలు కదులుతాయి, గాలి తప్ప ఏమీ రాదు. కొన్నాళ్లకు వాకిట్లోకి రావడం కూడా మానేశాడు.

పారువేట దగ్గర పడుతుండగా ఆయన భార్య నరసమ్మత్త మమ్మల్ని పిలిపించింది. “ఈసారి పల్లకి వచ్చినప్పుడు మీ మామ చెక్కలు స్వామి కాళ్లకాడ పెట్టేస్తాడంట. పాడేటోడు లేనిది దళం యాడిదని సైగ చేస్తాండాడు. ఇంగ మీరూ సాలించుకోండి నాయనా” అంది. లోపల మంచం మీద మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వేరేవాళ్లతో పాడిద్దామని చూశాం. నేనూ ఎత్తుకున్నాను. పక్కింటావిడ బయటికొచ్చి ఎవరికి దెబ్బ తగిలిందని అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ప్రాక్టీసులో మామ పాట మొత్తం నా ఫోన్‌లో రికార్డు చేశాను. చేశానంటే తెలివిగా ఎక్కడో పెట్టి కాదు, ఆన్ చేసి చొక్కా జేబులో వేసుకుని ఆడాను. వెతికితే ఫైలు దొరికింది. దాంట్లో ముందు వినిపించేది నా రొప్పు. తర్వాత జేబు గుడ్డ రాపిడి, పక్క పొలంలో మోటరు, ఎవరిదో మేక. వీటన్నిటి వెనకాల, బావి లోపల్నుంచి వచ్చినట్టు మామ గొంతు.

ఫోన్‌లో ఆడియో బాగుచేసే యాప్‌ల కోసం వెతికితే లెక్కలేనన్ని వచ్చాయి. నేను బొమ్మ బాగున్నదాన్ని దింపుకున్నాను. అది మామ గొంతును పిల్లి గొంతు చేసింది. రెండోది శబ్దం పెంచుతానని చెప్పి నా రొప్పును పెంచింది. మూడోదానికి నా ఫొటోలు, నంబర్లు, నేనెక్కడున్నానో అన్నీ కావాలట. పాట శుభ్రం చేయడానికి నా బావమరిది నంబరు దేనికి? ఇంకొకటి సరిగ్గా స్వామి పేరు వచ్చే చోట పాట ఆపి, జుట్టు రాలుతోందా అని అడిగింది. నా తల చూసినట్టే.

ఫోన్‌ను అంగడిలో ఉన్న బకెట్లలోకి విసిరేయబోతే సుశీల లాక్కుంది. వడియాలు పెడుతూ, బియ్యం ఏరుతూ ఆమె చెవిలో ఇయర్‌ఫోన్‌తో ఎప్పుడూ ఏదో ఒక కథ మోగుతూనే ఉంటుంది, యాప్‌ల సంగతి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. “బొమ్మ చూసి దింపుకుంటారా ఎవరన్నా? ముందు ఒక్క స్టార్ ఇచ్చినోళ్లు ఏం రాసినారో చదవల్ల. పొగిడేటోళ్లంతా ఒకే మాదిరి పొగుడుతారు, తిట్టేటోళ్లే నిజం చెప్తారు” అంది.

అలా చదివి చదివి రెండు పట్టింది. ఒకటి మనిషి గొంతును, మిగతా మోతను విడదీసేది. ఇంకొకటి లావు శబ్దాలను, సన్న శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్. అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు తీసి, దాని మీదే పని మొదలుపెట్టింది. మొదటి యాప్ మా చెక్కల మోతను కూడా చెత్త కిందే లెక్కేసి ఊడ్చేసింది. చెక్కలు ఎలాగూ మా చేతుల్లో ఉంటాయి కాబట్టి పోనీలే అనుకున్నాం. తర్వాత ఈక్వలైజర్‌లో లావు శబ్దాలను తగ్గించి, గొంతు ఉండే నడిమి శబ్దాలను కొంచెం లేపింది. ఎక్కువ లేపితే రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు వస్తుంది.

ఒక మధ్యాహ్నం బేరాల్లేని వేళ ఇయర్‌ఫోన్ తెచ్చి నా చెవిలో పెట్టింది. మామ పాడుతున్నాడు. రొప్పు లేదు, మోటరు లేదు, మేక లేదు. పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది. బిందె కొనడానికి వచ్చినామె ధర అడిగి, నా మొహం చూసి వెళ్లిపోయిందట.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. దళమంతా కూర్చుని విన్నాక అందరికీ ఒకటే అనిపించింది. స్వామి పల్లకి ముందు, అంత పెద్ద స్పీకర్లో ఒరే గిరే అని తిట్లేంటి? దేవుడి పాటలో అపచారం కదా. తిట్లన్నీ ఏరి కత్తిరించమన్నాం. సుశీల నొసలు చిట్లిస్తూనే కత్తిరించింది.

ఇక ప్రాక్టీసు మొదలైంది. బడి ముందు ఖాళీ స్థలంలో, పొద్దు వాలాక. గొంతు అద్భుతంగా ఉంది, ఆటే సాగలేదు. తిరగాల్సిన చోట తిరగం, ఒకరి మీద ఒకరు పడతాం. మా పెద్దిగాడి చెక్క నా మోచేతికి తగిలి వాచింది. ఏళ్ల తరబడి ఆడిన ఆట ఒక్కసారిగా మరిచిపోయినట్టు ఎలా అయిందో ఎవరికీ అంతుపట్టలేదు.

చివరికి ఫోన్ తీసుకుని మామ ఇంటికే పోయాం. మంచం పక్కన పెట్టి పాట వేశాను. తన గొంతు తనే వింటూ మామ మెల్లగా లేచి కూర్చున్నాడు. నరసమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మామ మొహం చిరాగ్గా మారింది. చెక్కలు అందుకుని, పాట నడుస్తుండగానే అక్కడక్కడా గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టినప్పుడల్లా మా వైపు గుర్రుగా చూస్తున్నాడు.

ముందు అర్థమైంది సుశీలకే. “ఏమండీ, ఆయన తిట్లు యాడ పోయినాయని అడుగుతాండాడు” అంది.

నిజమే. చెక్క పడిన ప్రతి చోటా మేం కత్తిరించిన తిట్టు ఉండేది. ప్రతి తిట్టూ సరిగ్గా మలుపుకు ముందు వచ్చేది. ఎవడో ఒకడి పేరు పెట్టి అదిలిస్తే అందరి కాళ్లూ తిరిగేవి. ఇన్నేళ్లూ మేం తప్పులు చేస్తుంటే తిడుతున్నాడనుకున్నాం. ఆయన మమ్మల్ని తిప్పుకుంటూ వచ్చాడు. ఆ రోజు మామ భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ఆపరేషన్ అయ్యాక అదే మొదటి నవ్వని నరసమ్మత్త చెప్పింది.

అయినా చెక్కలు స్వామికి ఇచ్చేయాలన్న పట్టు మాత్రం వదల్లేదు. ఫోన్ వైపు చూపించి, తన వైపు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. అది పాత పాట, నేను కాదు అని. ఫోన్ ఎదురుగా ఉన్నవాణ్ణి చూసి అదిలించలేదు కదా.

నకలు మీదే పనిచేసి అసలు ఫైలు దాచినందుకు సుశీలకు దండం పెట్టి, తిట్లన్నీ మళ్లీ అతికించుకున్నాం. ఆట దారిన పడింది, ఒక్క మస్తాన్‌కు తప్ప.

మస్తాన్ ఆదోని నుంచి వచ్చి మా ఊళ్లో మిషను పెట్టుకున్న టైలరు. మామ ఆపరేషన్ అయ్యాక వచ్చాడు. మామ గొంతు ఎదురుగా ఒక్కసారి కూడా వినలేదు, మామ నోట అతని పేరు ఒక్కసారి కూడా రాలేదు. దళంలో చిన్నోబయ్య బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోతే ఆ ఖాళీలో చేరాడు. ఫైలులో ఆ చోట వచ్చేది “ఒరే చిన్నోబయ్యా, ఎడమ కాలురా” అని. అక్కడికొచ్చేసరికి మస్తాన్ ప్రతిసారీ కుడి కాలే వేసేవాడు.

“ఆ తిట్టు నాది కాదు కదన్నా. ఎవురినో అంటే నా కాలికి ఎట్ల ఎక్కతాది?” అనేవాడు. కోప్పడదామనుకున్నాను కానీ మాటలో న్యాయముంది.

పారువేట రోజు మధ్యాహ్నం పల్లకి వచ్చింది. మామ ముందుగానే వచ్చి చెక్కలను అరుగు మీద, స్వామి ముందు పెట్టేశాడు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, వట్టి చేతులతో కూర్చున్నాడు. ఆ వట్టి చేతులు చూడలేక నేను స్పీకరు దగ్గరికి పోయి ఫోన్ కలిపాను. పాట మొదలైంది. జనం అరుగు వైపు జరిగారు, అందరికీ తెలిసిన గొంతు కదా. మామ పెదాలు పాటతో పాటు కదులుతున్నాయి.

చిన్నోబయ్య చోటు వచ్చింది. మస్తాన్ కుడి కాలు ఎత్తడం నేను చూశాను. స్పీకర్లో మామ గొంతు తాళం తప్పకుండా, నింపాదిగా అంది: “మస్తానప్పా, ఎడమ కాలు.”

మస్తాన్ ఎడమ కాలు వేశాడు. దళం అందంగా తిరిగింది. నా కాళ్లు ఆగలేదు, ఆపితే మామ తిడతాడనే భయం అప్పటికీ ఉంది. పాట ఎప్పటిలాగే సాగి, ఎప్పటిలాగే ముగిసింది.

ముగియగానే మస్తాన్ పరుగెత్తి మామ కాళ్లు పట్టుకున్నాడు. “నన్ను పేరు పెట్టి పిలిచినాడన్నా” అంటూ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. మామ అతని వంక చూశాడు, స్పీకరు వంక చూశాడు. లేచి అరుగు దగ్గరికి వెళ్లి, స్వామికి దండం పెట్టుకుని, తన చెక్కలు తను తీసేసుకున్నాడు. పూజారి కూడా వద్దనలేదు.

నేను అక్కడికక్కడే ఫైలు మళ్లీ వేశాను. “ఒరే చిన్నోబయ్యా, ఎడమ కాలురా” అనే ఉంది. ఇప్పుడూ అలాగే ఉంది, ఎవరొచ్చినా వినిపిస్తాను. మైకు పూజారి పక్కన, ఆపేసి ఉంది. ఫోన్లలో దొంగ గొంతులు పుట్టిస్తున్నారని నాకూ తెలుసు, దళంలో ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాను. స్వామి మీద ఒట్టేశారు. పెద్దిగాడికైతే ఫోన్‌లో అలారం పెట్టడం కూడా రాదు.

సుశీల ఆట మొత్తం వీడియో తీసింది. సరిగ్గా ఆ క్షణంలో ఎవరో శంఖం ఊదారు. స్పీకరు పక్కనున్న మాకు అడ్డు రాలేదు కానీ దూరంగా ఉన్న ఆమె ఫోన్‌లో శంఖమే నిండిపోయింది. దాన్ని తీసేయడానికి ఎన్ని యాప్‌లు మార్చినా శంఖంతో పాటు గొంతూ పోతోంది. కానీ బొమ్మలో ఒకటి కనిపిస్తుంది. మేమందరం ఆడుతూనే ఒక్కసారిగా స్పీకరు వైపు తల తిప్పుతాం. మస్తాన్ ఒక్కడే తిప్పడు. ఎడమ కాలు వేస్తాడు.

మామనే అడిగాను, నువ్వేనా అని. చెక్కతో నా కాళ్లు చూపించాడు, ఇంకా కుదరలేదన్నట్టు. ఇప్పుడు రోజూ ప్రాక్టీసుకు వస్తున్నాడు, మలుపుల దగ్గర చెక్కతో వీపు మీద తడుతున్నాడు. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమంటే ఒప్పుకోను, మనిషి బతికే ఉన్నాడు కదా. యాప్ అంటే సుశీల ఒప్పుకోదు.

మస్తాన్‌కు మాత్రం ఒక్కటే లోటు. మొన్న నా చొక్కాకు కొలతలు తీసుకుంటూ బయటపెట్టాడు.

“అప్పా అన్యాడు కదన్నా. ఒరే అనలేదు.”

“ఏడాది నిండలేదు కదప్పా” అన్నాను.

“ఈ పారువేటకు నిండుతాది” అన్నాడు, నోట్లో దారం పెట్టుకుని.

ఈసారి ఆ చోట కావాలనే కుడి కాలు ఎత్తుతాడని నాకు గట్టి అనుమానం. మందలిద్దామనుకున్నాను. మందలించలేదు. నాకూ వినాలనుంది.