విడదీశాక పిలుపు

మా బాలాత్రిపురసుందరి మొండిది. పేరు కత్తిరించి బాల అని పిలుస్తాం కానీ మొండితనాన్ని ఎవరూ కత్తిరించలేకపోయాం. కె.ఆర్.పురం దగ్గర ఒకే ఆఫీసులో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా ఇద్దరం కలిసి తెలుగు వరసల సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి రాశాం. వంశవృక్షాల యాప్‌లు, శుభలేఖలు అచ్చువేసేవాళ్ళ ప్రోగ్రాములు దాన్ని ఉచితంగా వాడుకుంటాయి. అందులో రెండే ఫంక్షన్లు, అంటే అది చేసిపెట్టే పనులు. మొదటిది "కలుపు". పొలంలోది కాదు, ఇద్దరి మధ్య బంధం కలిపేది. రెండోది "పిలుపు". ఎవరు ఎవరిని అత్త అనాలో, బావ అనాలో అది చెబుతుంది.

మూడోది కావాలని వాడేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. "విడదీయి". విడాకులు తీసుకున్నవాళ్ళ సంగతేమిటని వాళ్ళ ప్రశ్న. నేనూ చేర్చేద్దామన్నాను.

"వద్దు," అంది బాల. "ఒకసారి రిలీజ్ చేశామంటే వెనక్కి తీసుకోలేం, వాడుకునేవాళ్ళ ప్రోగ్రాములు బ్రేక్ అవుతాయి. అయినా విడదీశాక పిలుపు ఏ మాట రిటర్న్ చెయ్యాలి, చెప్పు?"

తన అసలు బాధ నాకు తెలుసు. బాలకు విడాకులై రెండేళ్ళు. మొగుణ్ణి వదులుకున్నందుకు పెద్దగా ఏడవలేదు. ఆడపడుచు అక్షర సంగతి వేరు. బాల ఇంట్లో ఉండి, బాల చేతి అన్నం తిని, బాల చీరలు కట్టుకుని కాలేజీకి వెళ్ళిన పిల్ల. ఇప్పుడు చందాపురలో ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే "వదినా" అంటూ ఫోన్. ఆ మాట వినబడినంతకాలం ఆ పిల్ల తనదేనని బాల నమ్మకం.

మొన్న భోజనాల దగ్గర అక్షర ఫోన్ చేసింది. చెయ్యి ఎంగిలని బాల స్పీకర్ పెట్టింది.

"బాల గారూ, బిజీనా?"

బాల ముద్ద కలపడం ఆపేసింది.

"అన్నయ్యకి మళ్ళీ మ్యారేజ్ ఫిక్సయింది. కొత్తగా వచ్చే ఆవిడ ముందు మిమ్మల్ని కూడా వదినా అంటే ఆక్వర్డ్‌గా ఉంటుందంట. ఇప్పట్నుంచే మానుకోమంది అమ్మ. ఏమనుకోకండి."

"ఏమనుకుంటాను అక్షరా. తిన్నావా?"

"తిన్నానండీ."

నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఫోన్ లాక్కుని నాలుగు దులిపేద్దామనుకున్నాను. కళ్ళనిండా నీళ్ళతోనే బాల వద్దన్నట్టు తల ఊపింది. అన్నం అలాగే వదిలేసి లేచింది.

సాయంత్రం తను రాసిన కోడ్ చూసి సరేననమని నాకు పంపింది. "విడదీయి" చేర్చింది. మొత్తం చదివాను. విడదీశాక వరస పోతుంది, పేరు మిగులుతుంది, పేరు పక్కన "గారు" వచ్చి చేరుతుంది. తప్పు పట్టడానికేమీ లేదు. ఏడుస్తూనే సరేనని నొక్కాను.